జంక్షన్‌లో అత్తగారి కంప్యూటర్

"వదినా, అమ్మ పోయింది," అన్నాడు మా మరిది ఫోన్‌లో. పొద్దున్నే కాఫీ తాగి, షాపు తాళాలు చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చున్నారట. అంతే. విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ ఎంత దూరమని? గన్నవరం దాటితే వచ్చేసినట్టే. ఆ రోజు మాత్రం దారి ఎంతకీ తరగలేదు. ఇది జరిగి నెల దాటింది. మా అత్తగారి గురించి మీకు చెప్పాలని ఇన్నాళ్ళకి కూర్చున్నాను.

ఆవిడ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపేవారు. షాపులో ఓ మూల డబ్బా మానిటరున్న కంప్యూటర్. అందులో పాత విండోస్, పాత బ్రౌజర్. నేను విజయవాడలో వెబ్‌సైట్లు తయారుచేస్తాను. నాది ఆపిల్ వాళ్ళ మాక్ కంప్యూటర్. నా పేజీలు నా తెర మీద ముచ్చటగానే ఉండేవి. ఊళ్ళలోని పాత కంప్యూటర్లలో ఎలా ఉంటాయో చూద్దామంటే ఆ పాత బ్రౌజర్ మాక్‌లో ఎక్కదు. అందుకని అత్తగారికి ఫోన్ చేసేదాన్ని.

"అత్తయ్యగారూ, పేజీ ఎలా ఉందండీ?"

"ఏం చెప్పమంటావమ్మాయ్! కుడిపక్క అంచు ఊడింది. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి, పండగనాడు బస్సులో జనంలాగా."

పుట్టింటివాళ్ళది బట్టల వ్యాపారం కావడంతో ఆవిడకి అన్నిటికీ చీర భాషే. పేజీ పైనున్న పట్టీ కాస్త వంకరగా ఉంటే "కొంగు జారింది" అనేవారు. ఏ ఫారమైనా మొదటినుంచి చివరిదాకా నింపి చూస్తే గాని వదిలేవారు కాదు. "మడత మీద చూసి చీర కొంటారా ఎవరన్నా? విప్పాలి." నాకు ఒళ్ళు మండేది. "ఒక్కసారైనా బాగుందనొచ్చు కదండీ?" అంటే, "బాగుందనడానికి చుట్టాలు బోలెడుమంది. దానికి నేనెందుకే నీకు?" అనేవారు. నిజం చెప్పొద్దూ, మా అమ్మతో కూడా నేను అంతసేపు ఫోన్‌లో మాట్లాడి ఎరగను. పేజీ సంగతి రెండు నిమిషాలైతే, కూరేం వండావన్నది ఇరవై నిమిషాలు.

రెండేళ్ళ క్రితం మాక్‌లోనే పాత విండోస్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకున్నాను. కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ అన్నమాట. పాత బ్రౌజర్ నా బల్ల మీదికే వచ్చేసింది. ఆ సంబరంలో ఫోన్ చేసి, "ఇక మీకు శ్రమ లేదండీ అత్తయ్యగారూ, అన్నీ నేనే చూసుకుంటాను," అన్నాను.

ఆవిడ "మంచిదేగా అమ్మాయ్," అన్నారు.

పెద్దావిడకి పని తప్పించానని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ తర్వాత మా మాటలు పండక్కీ పబ్బానికీ మిగిలాయి. చేసినప్పుడల్లా ఆప్యాయంగానే మాట్లాడేవారు గానీ, పేజీల ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. నొచ్చుకున్నారేమోనని నాకు అనిపిస్తూనే ఉండేది. అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. ఇక అడగడానికి మనిషి లేరు.

పెద్దకర్మ అయిన మర్నాడు మరిదీ నేనూ వెళ్ళి షాపు తెరిచాం. కాసేపటికి మగ్గం నేసే ఒకావిడ వచ్చింది. నూలు కోసం చేనేత సంఘం సైటులో అర్జీ పెట్టాలట. అత్తగారికి ఫోన్లు చెయ్యడం తగ్గాక నేను చేసిన సైటే అది. అత్తగారు లేరని తెలిసి కళ్ళొత్తుకుంది. "కూర్చోండి, నేను పెడతాను," అని అత్తగారి కుర్చీలో కూర్చున్నాను.

అన్నీ నింపాను. చివర 'పంపు' అనే బటన్ లేదు. కిందికి జరిపాను, పక్కకి జరపబోతే పేజీ కదల్లేదు. ఎక్కడా లేదు. మాక్‌లో, ఇదే పాత బ్రౌజర్‌లో, నా కళ్ళతో చూసిన బటన్! కాసేపటికి గాని బుర్రకెక్కలేదు. అక్కడ పాత విండోస్ కూడా నా వెడల్పాటి తెర మీదే నడిచింది. ఈ ఇరుకు మానిటర్లో బటన్ అంచు దాటి బయటికి పోయింది.

"ఎన్నాళ్ళనుంచండీ ఇలా?" అన్నాను.

"మొదట్నించీ ఇంతేనమ్మా. అమ్మగారు ఈ పక్కన మీట నొక్కీ నొక్కీ పంపేవారు. 'మా కోడలు చేసిందే ఇది, చెబితే ఇట్టే బాగుచేస్తుంది,' అనేవారు. మరి చెప్పొచ్చుగా అమ్మా అంటే, 'అడగనీ, చెప్తాను,' అని నవ్వేవారు."

నాకు తెర మసకబారిపోయింది. మా మరిది అటు తిరిగి కాగితాలు సర్దుతున్నాడు. ఆ మగ్గం ఆవిడే లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, వేలిని ట్యాబ్ మీట మీద పెట్టింది.

"ఏడుసార్లమ్మా. తర్వాత ఎంటర్ కొట్టాలి."

ఒకటి, రెండు అని ఆవిడ లెక్కపెడుతుంటే, తెర మీద కనపడని ఆ బటన్ దాకా ఒక్కో మెట్టే నొక్కుకుంటూ వెళ్ళి ఎంటర్ కొట్టాను. అర్జీ వెళ్ళిపోయింది.