గమ్ము వద్దన్న మేడమ్

ఈ ఉదయం పని మీద ఒక మ్యూజియానికి వెళ్తే, తలుపు తీయగానే పచ్చి గమ్ము వాసన ముక్కుకు తగిలింది. లోపల కొత్త ప్రదర్శనకు గోడలు నిలబెడుతున్నారు. ఆ వాసన తగిలితే నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. కువైత్‌లో మ్యూజియం ప్రదర్శనలకు గోడలు, అద్దాల పెట్టెలు తయారుచేసే మా కంపెనీలో ఆవిడ డిజైన్ విభాగానికి పెద్ద. విజయవాడ మనిషి. నేను హైదరాబాద్ నుంచి వచ్చి ఆవిడ చేతికింద పడ్డాను.

పడ్డానని ఊరికే అనలేదు. చేరిన వారంలోనే నన్ను సులైబియాలోని చెత్త యార్డుకు తీసుకెళ్ళారు. ముందురోజు విప్పిన ప్రదర్శన అక్కడ కుప్పగా పడి ఉంది. "చూడండి, మూణ్ణాళ్ళ ముచ్చటకి ఇంత చెక్క. ఎక్కడో చెట్లు కొట్టి, సముద్రం దాటించి తెచ్చాం. గమ్ముతో అతికించాం కాబట్టి విప్పేసరికి పీలికలైపోయింది. స్క్రూలతోనే బిగిస్తే ఇవే గోడలు ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు" అన్నారు. ఎండకు నా బుర్ర మాడుతోంది. చెత్త మీద ఈవిడకి ఇంత ప్రేమేమిటని లోలోపల విసుక్కున్నాను. ఆవిడ మాత్రం వంగి, కాస్త బాగున్న పలకలు ఏరి కారులో పెట్టుకున్నారు.

పోరగా పోరగా యాజమాన్యం ఒక్క అవకాశం ఇచ్చింది. ముత్యాల వేట ప్రదర్శనకు గమ్ము లేకుండా గోడలు కట్టి, అది అయ్యాక విప్పి, తర్వాతి ప్రదర్శనలో నిలబెట్టి చూపించాలి. చూపిస్తే ఇక అన్నీ ఆవిడ పద్ధతిలోనే. లేకపోతే ఆ పద్ధతీ, ఆవిడ ఉద్యోగమూ ఖలాస్ అన్నాడు మేనేజరు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే ఈ దేశంలో చోటుండదు. ఆవిడ సరేనన్నారు.

విప్పే రోజు మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు. మా పెద్ద వడ్రంగి నారాయణది రాయచోటి, మేడమ్ అంటే ప్రాణం పెట్టేవాడు. స్క్రూలన్నీ తీశాక కూడా పలక ఊడలేదు. బలంగా లాగితే పైపొర తోలులా చిరిగి వచ్చింది. రెండోదీ అంతే. నారాయణ ముఖం పాలిపోయింది.

"నేనే పూసినా మేడమ్. ఉత్త స్క్రూలకు నిలబడ్తాదో లేదో అని లోపల గమ్ము గూడా పెట్టినా. పెద్దోళ్ళొచ్చే రోజు గోడ కదిల్తే మీకు మాటొస్తాది గదా" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఊడి వచ్చేలా బిగించమంటే ఏ వడ్రంగికి మనసొప్పుతుంది? మేనేజరు వెళ్ళిపోయాడు. మేడమ్ చిరిగిన పలకను గోడకు ఆనించి, నారాయణ వైపు తిరిగారు.

"నీ తప్పు లేదు నారాయణా. వద్దన్నానే గానీ ఎందుకు వద్దో నీకు చెప్పలేదు. ఈయన్ని చెత్త యార్డుకి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాల్సింది నిన్ను."

ఆ గోడలూ లారీ ఎక్కి సులైబియాకే పోయాయి. కొన్నాళ్ళకు మేడమ్ విజయవాడ వెళ్ళిపోయారు. అక్కడ ఆ వయసులో ఆవిడకు ఎవరూ పని ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండానే గుండె ఆగి పోయారు. ఫోన్లో ఆ కబురు విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు వడ్రంగుల్ని చెత్త యార్డుకు తీసుకెళ్తాను. కొందరు చూసి స్క్రూలు అందుకుంటారు, కొందరు నవ్వుకుంటారు. చాలా గోడలు ఇంకా ఆ కుప్పలోకే పోతున్నాయి. అయినా కారణం చెప్పకుండా ఎవరి చేతికీ పని ఇవ్వను. ఒక్క నారాయణ దగ్గరే నోరు పెగలదు. వేరే చోట తలుపులు చేసుకుంటున్నాడు. కనిపించిన ప్రతిసారీ "మేడమ్ బాగుండారా సార్?" అని అడుగుతాడు.

బాగున్నారంటాను. నిన్ను అడిగినట్టు చెప్పమన్నారని కూడా అంటాను.