చింపిన వీసా పేజీ

పాతబస్తీకి గల్ఫ్ వీసాలు కొత్తగ వస్తున్న రోజులు. బహదూర్‌పురాల బస్సులకు బాడీలు కట్టే కార్ఖానాల నేను గుమస్తాను. కువైట్‌ల వెల్డింగ్ చేసి సెలవు మీద వచ్చిన ఒకాయన కొలువు అడగనీకి వచ్చిండు. ఎవరికన్నా కాగితమిచ్చే ముందు అరచెయ్యి అంగీకి తుడుచుకునుడు ఆయన అలవాటు. పరీక్షకని ఆయన వేసిన అతుకును మేస్త్రీ గోరుతోటి గీకి చూసి, "ఇసొంటి పని మనకాడ ఎవ్వరికీ రాదు" అన్నడు.

మేనేజర్ పాస్‌పోర్టు తిరగేసిండు. "ఇంకా వీసా ఉంది. మళ్ళ పోతవు. వీసా ఉన్నోళ్ళను తీసుకోం."

"పోను సార్. నా భార్యకు పక్షవాతం వచ్చింది. కావాల్నంటె రాసిస్త."

మేనేజర్ వద్దన్నడు.

ఆయన నా దిక్కు తిరిగి, "గిట్ల అనొద్దని చట్టమేం లేదా, భాయ్?" అని మెల్లగ అడిగిండు. నాకు తెల్వదన్న.

అరచెయ్యి తుడుచుకొని పాస్‌పోర్టు అందుకున్నడు. వీసా ఉన్న పేజీని చింపి టేబుల్ మీద పెట్టిండు.

"ఇప్పుడు లేదు సార్."

"పాస్‌పోర్టే చింపినోణ్ణి ఎట్ల నమ్మాలె?" అని మేనేజర్ ఆయన్ను పంపేసిండు. తీసుకోకపోవుడుకు కారణం రిజిస్టర్‌ల రాయమన్నడు.

మేనేజర్ చెప్పినట్టే, 'పని రాదు' అని నేనే రాసిన.