నాగభూషణరావు గారి బొమ్మలు

నాగభూషణరావు గారికి ఏ సమస్య చెప్పినా ముందు చాక్‌పీసు తీస్తారు. చెవిలో ఈగ దూరిందన్నా సరే, చెవి గీసి, ఈగ గీసి, "ఇప్పుడు ఈగ వైపు నుంచి ఆలోచిద్దాం" అంటారు.

పెడనలో అద్దకం పనివాళ్ల సొసైటీకి ఆయన ప్రెసిడెంటు. హైదరాబాదులో ఏదో శిక్షణకి వెళ్లొచ్చినప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. లెక్కలకి లొంగని చిక్కుల్ని బొమ్మగా గీయాలనీ, అందులో ఉన్న మనుషులందరినీ చూపించాలనీ, అందరూ సర్దుకోగలిగే దారి వెతకాలనీ అక్కడెవరో చెప్పారట. ఆ చెప్పినాయన పెడన వచ్చి ఈ బొమ్మలు చూస్తే తన మాట వెనక్కి తీసుకుంటాడని సొసైటీ సెక్రటరీ సరోజిని నమ్మకం. ఊరంతా నెమళ్లూ లతలూ అద్ది బతుకుతుంటే, ప్రెసిడెంటు గారు ఆవుని గీస్తే జనం మంచం అనుకునేవారు.

ఓసారి గుడివాడ బస్టాండులో సీటు కోసం ఇద్దరు కొట్టుకోబోయారు. ఒకాయన కిటికీలోంచి రుమాలు వేశాడు. రెండో ఆయన ముందుగా ఎక్కి కూర్చున్నాడు. నాగభూషణరావు గారు దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో మొదలెట్టారు.

"ఇది మీరండీ."

"నేనా? గుమ్మడికాయలా ఉంది కదండీ!"

"గుమ్మడికాయ ఆయన. మీరు పక్కన ఈ రోకలి."

గుడ్లవల్లేరు దాటేసరికి ఆ ఇద్దరూ ఒకే సీట్లో సర్దుకుని కూర్చుని, కలిసి ఆయన్ని తిడుతున్నారు.

తొంభై ఎనిమిది వేసవిలో సొసైటీకే ముప్పొచ్చింది. సరుకు ఆలస్యమై పెద్ద ఆర్డర్లు చెయ్యి జారిపోయాయి. చెక్క అచ్చులు మానేసి స్క్రీన్ ప్రింటింగు పెట్టాలంటాడు శ్రీహరి. అచ్చుల జోలికొస్తే ఊరుకోనంటాడు పెద్దిరాజు. స్వయానా బావా బావమరుదులు, మాటల్లేవు. సొసైటీని రెండుగా చీల్చడానికి మీటింగు పెట్టారు. సరోజినికి ఆ పూట అన్నం సయించలేదు.

"ప్రెసిడెంటు గారూ, చేతులెత్తించండి," అన్నాడు శ్రీహరి.

"ఉండవయ్యా, ముందు బొమ్మ."

"అయిపోయాం," అనుకుంది సరోజిని.

ఆయన నల్లబల్ల మీద వంకర గీత ఒకటి గీశారు.

"ఏంటండీ అది, పామా?" అడిగాడు పెద్దిరాజు.

"మన కాలవ."

"కాలవ అలా ఉంటుందా! ఇటివ్వండి." పెద్దిరాజు చాక్‌పీసు లాక్కుని కాలవ దిద్దాడు. ఊరుకోలేక శ్రీహరి ఒడ్డున షెడ్డు గీశాడు. అందులో అచ్చు కొట్టేవాళ్లని నిలబెట్టాడు పెద్దిరాజు. పోట్లాడుకుంటూనే ఇద్దరూ ఒకే బొమ్మ మీదికి వంగారు.

అద్దిన బట్టని కాలవలో ఉతికే పెద్దింట్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మీటింగుల్లో ఆవిడ ఏనాడూ నోరు విప్పలేదు.

"మరి మేమేరండీ ఇందులో?" అంది నెమ్మదిగా.

"నిజమేనమ్మా! నా చేతిలో పడితే మిమ్మల్ని చేపలనుకుంటారు. నువ్వే గీద్దూ," అన్నారాయన.

ఆవిడ కాలవలో ఆడవాళ్లని గీసింది. తర్వాత నీళ్లని అరచేత్తో తుడిచేసింది. "వేసంగిలో కాలవ కట్టేత్తారు గదండీ. ఉతికే నీళ్లు లేక అద్దిందంతా గుట్టపడి ఉంటాది."

అందరికీ తెలిసిన సంగతే. సరుకు ఆలస్యానికి అదే కారణమని గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు.

"స్క్రీనుకైనా ఉతకాలిగా, బావా," అన్నాడు శ్రీహరి మెల్లగా. ఆ 'బావా' వినగానే పెద్దిరాజు కుర్చీ శ్రీహరి పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.

నీళ్లున్న నెలల్లో పెద్ద ఆర్డర్లు, కాలవ కట్టేశాక కొత్త అచ్చులు చెక్కడం, షెడ్డులో ఓ మూల శ్రీహరి స్క్రీను. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. అందరూ ఒప్పుకున్నారు. చీలిక మాట మళ్లీ ఎత్తినవాడు లేడు.

జనం వెళ్లాక కిటికీలు వేసి వెనక్కి తిరిగిన సరోజిని అలాగే నిలబడిపోయింది. నాగభూషణరావు గారు ఏదో ఆలోచిస్తూ నల్లబల్ల మూల హంసని గీస్తున్నారు. ఈక ఈకకీ ప్రాణం ఉంది.

"బాబాయి గారూ! ఇంత బాగా గీస్తారా మీరు?"

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డారు. "నేను బాగా గీస్తే అందరూ చేతులు కట్టుకుని చూస్తారమ్మాయ్. పెద్దింట్లమ్మ లాంటివాళ్లకి నలుగురిలో మాట్లాడాలంటే భయం. నా తప్పు దిద్దడానికి భయమేముంది?"

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. చెప్పులు మారిపోయి శ్రీహరి వెనక్కి వస్తున్నాడు.

నాగభూషణరావు గారు గబగబా హంసకి మూడో కాలు గీసేశారు. సరోజిని నవ్వు ఆపుకోలేక పైట కొంగు నోట్లో కుక్కుకుంది.