జేగంట లేని పాట

జావా దీవిలో క్లాటెన్ అనే ఊరి దగ్గరి ఒక చిన్న బడిలో, కంచు పలకలూ గంటలూ కలిపి వాయించే గామెలాన్ వాద్యాలు నేర్పే లాస్మినిది ఒకటే పట్టు. పెద్ద జేగంట మోగందే పాట అయినట్టు కాదు, పాట అవకుండా ఎవరూ లేవకూడదు. క్లాసులో ఫస్టు వచ్చేవాడైనా, ఆఖర్న ఉండేవాడైనా ఆమె గదిలో చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, పక్కవాడి వాయింపు వినాల్సిందే. వాద్యాన్ని దాటి అడుగేశాడా, చెవి మెలిపెట్టేది.

ఆ బడిలో పిల్లల్ని తెలివిగలవాళ్లు, మొద్దులు అని విడదీయని గది అదొక్కటే. జేగంట కొట్టే వెనింగ్‌నే చూడండి. లెక్కల పుస్తకం తీస్తే కళ్లనీళ్లు పెట్టుకునే పిల్ల. ఇక్కడ మాత్రం అందరూ గలగలా వాయిస్తుంటే తన వంతు దాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, సరిగ్గా సమయానికి ఒక్క దెబ్బ వేసేది. ఆ దెబ్బతో అందరి మొహాలూ తేటపడేవి.

అలాంటి గది మీద హెడ్‌మాస్టర్ హందోయో కన్ను పడింది. అతనూ ఒకప్పుడు లాస్మిని శిష్యుడే, ఆ జేగంట కొట్టినవాడే. వస్తూనే అలవాటు కొద్దీ గుమ్మంలో బూట్లు విప్పాడు. అది చూసి ఆమెకు ఆశ పుట్టింది, పిచ్చిది.

"అమ్మా, రేపటి క్లాసే ఆఖరు. అది అవగానే ఇక్కడ లెక్కల కోచింగు మొదలు. పరీక్షల్లో మన బడి అట్టడుగున ఉంది. తల్లిదండ్రులు నన్ను పీక్కుతింటున్నారు."

"ఒరేయ్ హందోయో, గోడలెక్కే కోతివి కదరా! కుదురుగా కూర్చోవడం నీకెక్కడ అబ్బింది? ఈ జేగంట దగ్గర కాదూ?"

"నిజమేనమ్మా," అని నవ్వాడు. "కానీ దానికి మార్కులెవరిస్తారు చెప్పండి?"

"మరి వీళ్లకెక్కడ అబ్బుతుందిరా?"

అతను జేగంట వైపు తిరిగాడు. "జేగంటను హోటల్‌వాళ్లు అడిగారు. వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతారట. పొద్దున్నే పట్టుకెళ్తారు. మిగతావి సామాన్ల గదిలో పెట్టిద్దాం."

ఆఖరి క్లాసు అయ్యేదాకా అయినా ఉంచమని బతిమాలింది. మాటిచ్చేశానన్నాడు.

మర్నాడు గురువారం. ప్రతి గురువారంలాగే జేగంట ముందు పెట్టడానికి అరిటాకులో పూలు తెచ్చింది లాస్మిని. అక్కడ జేగంట వేలాడిన కొయ్యచట్రం ఒక్కటే మిగిలి ఉంది. పూలు దాని కిందే పెట్టి క్లాసు మొదలుపెట్టింది.

పాట చివరికొచ్చింది. అందరూ వెనింగ్ వైపు చూశారు. గుడ్డ చుట్టిన కొడుపు ఎత్తింది ఆ పిల్ల. ఎదురుగా ఏమీ లేదు. దించేసింది. జేగంట మోగలేదు గనక పిల్లలు మళ్లీ మొదటికెళ్లారు. మళ్లీ చివర, మళ్లీ మొదలు. ముందు కిసుక్కున నవ్వుకున్నారు. తర్వాత చేతులు పీకుతున్నా ఎవరూ ఆపలేదు.

బడి గంట కొట్టారు. హందోయో వచ్చాడు, ఈసారి బూట్లతోనే. కంచు పలకల వాద్యాన్ని ఒక్క అంగలో దాటుకుంటూ వచ్చి, "టైమైంది, లేవండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు.

"పాట అవ్వలేదు సార్," అంది వెనింగ్. వాయిస్తూనే పిల్లలంతా లాస్మిని వైపు తిరిగారు. "అవ్వకుండా లేవకూడదు కదా అమ్మా?" అంది వెనింగే.

లాస్మిని ఆ పిల్ల చేతిలోంచి కొడుపు తీసుకుంది.

"లేవండి తల్లీ. లెక్కలకు టైమైంది."