కార్డుకు పెట్టిన బొట్టు

ఇటు జరిగి కూర్చోండి, చెబుతాను. బాన్సువాడ బస్టాండు వెనక కంప్యూటర్ల దుకాణంలో నేను హెడ్ మెకానిక్‌ అయిన మూడో ఏడు, దసరాకు వారం ముందు జరిగింది. నా చదువు ఐదో తరగతి. పని అంతా చేతుల్తో నేర్చుకున్నదే.

అప్పట్లో కంప్యూటర్ పాతబడితే పెట్టె మొత్తం మార్చే తాహతు చాలామందికి లేదు. లోపల లెక్కలు చేసే చిప్పు ప్రాసెసర్. కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో నేరుగా కూర్చోదు కాబట్టి, దాన్ని ఒక కార్డు మీద బిగించి ఆ కార్డును బోర్డు మీది సందులో గుచ్చేవాళ్లం. కార్డు అంచున ఇత్తడి రంగు పళ్లుంటాయి. కరెంటు వచ్చేది వాటి గుండానే.

పిట్లం దగ్గరి తండా నుంచి ఒక బడిపంతులు తన పెట్టె తెచ్చాడు. తండా ముసలవ్వలు పాడే పెండ్లి పాటలన్నీ అందులో టైపు కొట్టి పెట్టుకున్నాడు. రాసుకున్న నోటు పుస్తకాలు చెదలు తినేశాయి. పాడినవాళ్లలో ఇద్దరు పోయారు, మిగిలిన అవ్వకు పక్షవాతంతో మాట పడిపోయింది. ఆ పాటలు ఇక ఆ పెట్టెలోనే ఉన్నాయి.

జేబులోంచి రెండు ఫ్లాపీలు, అప్పట్లో నకళ్లు ఎక్కించుకునే పల్చటి బిళ్లలు, తీసి, "అన్నా, ముందుగాల పాటలు గీండ్లకు ఎక్కియ్యరాదె? పోతే మల్ల దొరకయ్" అన్నాడు.

"ఫికర్ జెయ్యకు సారూ. పాటలుండేది డిస్కుల. నేను ముట్టేది గీ కార్డునే" అన్నాను.

గల్లా దగ్గర్నుంచి మా సేటు నవ్వాడు. "మావోడు చదివింది అయిదే గాని సార్, పెట్టె కడుపుల ఏమున్నదో డాక్టర్ లెక్క చెప్తడు."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ఫ్లాపీలు బల్ల మీదే ఉండిపోయాయి.

ఏ కొత్త సామాను బిగించినా పసుపు కుంకుమ పెట్టి స్విచ్ వేయడం మా దుకాణం ఆనవాయితీ. బొట్టు ఎప్పుడూ పెట్టె మూతకే. ఆ రోజు మూత ఊడదీసి ఉంది. కొత్తది కార్డే కదా అని తడి పసుపు, దాని మీద కుంకుమ కార్డుకే పెట్టాను. తడి పళ్ల దాకా జారింది. బొటనవేలితో తుడిచి, తుడిచాననుకుని, గుచ్చి స్విచ్ వేశాను.

టప్పుమంది. పొగ వచ్చింది. కార్డు, బోర్డు, కరెంటు డబ్బా, డిస్కు నాలుగూ పోయాయి. డిస్కును హైదరాబాదుకు పంపిస్తే పది రోజులకు, చదవడం కుదరదని చీటీ అంటించి తిప్పి పంపారు.

సారు తిట్టలేదు. "మాట రాకున్నా అవ్వ రోజు సైగ జేసి అడుగుతది, పాటలు పదిలమేనా అని. ఇగ ఏం జెప్పాలె అన్నా?" అన్నాడు. ఆ ఫ్లాపీలు తీసి ఇవ్వబోతే, "ఇగ నాకెందుకు, నువ్వే ఉంచుకో" అని బస్సెక్కాడు.

పాటలన్నీ ఆ రెండింట్లో పట్టేవి. ఎక్కించడానికి పావుగంట చాలు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నకలు తీయకుండా ఏ పెట్టెకూ మరమేకు ఊడదీయలేదు. వద్దన్నవాళ్లకూ తీశాను. లోపలి సామానుకు బొట్టు మళ్లీ పెట్టలేదు. నేర్చుకున్నది ఇంతే.

మీ ఇంట్లో పదిలంగా ఉండాల్సినవి పదిలంగా ఉండాలి. మీ పెద్దల గొంతు మీ పిల్లల చెవిన పడాలి. చల్లగా ఉండండి.