మొగుడా, మిషనా

మా వీధిలో బట్టలు కుట్టే అమ్మాయి కట్టుకున్నవాణ్ణి గాలికొదిలేసి కుట్టుమిషనుకు బీమా చేయించింది. చిన్నప్పుడు అబద్ధమాడితే కాన్వెంటులో సిస్టర్లు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఆ నొప్పి ఇంకా పోలేదు కాబట్టి సగం వెనక్కి తీసుకుంటున్నాను: చేయించలేదు, చేయించబోయింది.

చేతిలో ఉన్న డబ్బు ఒక్క బీమాకే సరిపోతుంది, మొగుడికో మిషనుకో. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. మొగుడేమో తాడుకు వేలాడే పలక మీద కూర్చుని పెద్ద పెద్ద మేడలకు రంగులేస్తాడు.

"మనిషిని వదిలేసి ఇనుముకా?" అంది పక్కింటి దర్జీ, వరసకు వదిన.

"ఆయనకేమన్నా అయితే వీధంతా పరిగెత్తుకొస్తుంది వదినా. పోయినేడు మేస్త్రి కాలు విరిగితే నెలంతా వంతులేసుకుని అన్నం పెట్టలేదూ? నా మిషను ఆగిపోతే ఎవరొస్తారు?"

"అన్నం పెడతాం. ఆపరేషన్ చేస్తామా?"

ఆమె రెండు ఫారాలూ సంచిలో పెట్టుకుని, మిషను కొన్నది మొగుడి పేరు మీద కాబట్టి ఆ ఫారం మీద అతని సంతకం కోసం, అతను రంగేస్తున్న మేడ దగ్గరికి వెళ్లింది.

తలెత్తి చూస్తే అతను నాలుగో అంతస్తు దగ్గర ఉన్నాడు. కింద పడకుండా నడుముకు కట్టుకున్న బెల్టు ఆమె కుట్టిందే. నెల నుంచీ మిషను మధ్యమధ్య కుట్టు వదిలేస్తోంది. గిరాకీల బట్టలైతే మళ్లీ చేత్తో కుట్టి ఇస్తోంది. బెల్టు మాత్రం, ఇంట్లోవాడిదే కదా అని అలాగే ఇచ్చేసింది. ఇప్పుడు దాని పట్టీ ఒక పక్క ఊడి గాలికి ఊగుతోంది.

"ఏమయ్యో, దిగు!"

"గోడ అయిపోవచ్చింది, ఆగవే!"

"దిగుతావా, నన్నే ఎక్కమంటావా?"

అతని కాళ్లు నేల తాకగానే ఆమె మిషను ఫారం చింపేసింది. రెండో ఫారం రంగుడబ్బా మీద పెట్టి సంతకం చేయించి పరుగెత్తింది. ఆఫీసు తలుపు మూయబోతుంటే కాలు అడ్డం పెట్టిందట.

వీధి మొదట్లో వదిన కాచుకుని ఉంది.

"నీ మిషను మొండికేస్తే నాదుంది. పొద్దున నేను, మధ్యాహ్నం నువ్వు."

"అంత ప్రేమేంటి వదినా?"

"నీ గిరాకీలు నా గుమ్మం చూస్తారని."

ఇదంతా రాసి ఆ అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె మొగుడి బెల్టును చేత్తో మూడోసారి కుడుతోంది. తలెత్తలేదు.

"అన్నీ అబద్ధాలే తాతయ్యా. నా కుట్టు ఎప్పుడూ ఊడలేదు. మా ఆయన నిచ్చెన కూడా ఎక్కడు."