తనకల్లులో ఎనిమిదో తాడు

పొద్దున ఆరింటికి అనంతపురం బస్టాండులో కదిరి బస్సు ఎక్కాం. ఎనిమిది మంది ఆడవాళ్లం, మా కోలాటం గురువు ఓబులప్ప, డోలు వాయించే ఆయన తమ్ముడు. వెంట ఒక ఇనుప చక్రం, దానికి చుట్టిన ఎనిమిది రంగుల తాళ్లు. కండక్టరు చక్రాన్ని చూసి లగేజీ టికెట్టు కొడతానన్నాడు, గురువు ఒళ్లో పెట్టుకుంటానన్నాడు, బత్తలపల్లి దాకా ఆ వాదన సాగింది. మీరెవరైనా ఈ దారిన పోవాలనుకుంటే ఐదున్నరకే బస్టాండు చేరండి. లేకపోతే కదిరి దాకా నిలబడాల్సి వస్తుంది.

అసలు నేను కోల పట్టిందే కొవ్వు కరిగించడానికి. మాకు అనంతపురం పాతూరులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఇరవై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూర్చుని ఎనభై ఎనిమిది కిలోలయ్యాను. రెండువేల రెండులో డాక్టరు నా రక్తం రిపోర్టు చూసి కళ్లజోడు తీసేశాడు.

"తిన్న కేలరీలు యాడికి పోతాయనుకున్నావమ్మా? కూర్చున్న చోటనే ఉంటాయి. ఆటో పాటో ఏదో ఒకటి పట్టు. మూడు నెలల్లో తగ్గకపోతే బిళ్లలు రాస్తా, ఇంక అవి జీవితాంతం."

చక్కెర జబ్బుతో మా అమ్మ కాలు పోగొట్టుకుంది. అందుకని నిజంగానే భయపడ్డాను. కాలేజీ గ్రౌండులో నాలుగు రోజులు నడిచాను. ఒంటరిగా గుండ్రంగా తిరగడం గానుగెద్దు పనిలా తోచి మానేశాను. అప్పుడు పక్క సందులో ఉండే సరళ నన్ను కోలాటానికి లాక్కుపోయింది. అదీ గుండ్రంగా తిరగడమే, కాకపోతే పాడుకుంటూ తిరగడం.

ఓబులప్పది బుక్కరాయసముద్రం. బుడ్డలు, అదే వేరుశనగ, పండించే రైతు. అరవై ఏళ్ల వయసులో రోజూ సాయంత్రం సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మాకు నేర్పేవాడు. మొదటి రోజు రెండు చుట్లకే నేను గుడి మెట్ల మీద కూలబడ్డాను. "పాట నిలిచిందంటే దమ్ము అయిపోయినట్లేమ్మా. దమ్ము ల్యానోళ్లు తాడు పట్టుకోకూడదు" అన్నాడు. ఆయనకు మెత్తగా చెప్పడం చేతకాదు.

తాడంటే జడ కోలాటం తాడు. పైన దూలానికి చక్రం కట్టి, దాని నుంచి ఎనిమిది తాళ్లు వేలాడదీస్తారు. ఒక్కొక్కరు ఎడమ చేత్తో ఒక తాడు, కుడి చేత్తో ఒక కోల పట్టుకుంటారు. నలుగురు కుడివైపుకు, నలుగురు ఎడమవైపుకు, ఒకరి లోపలి నుంచి మరొకరి బయటి నుంచి ఆడుతూ పోతే తాళ్లన్నీ జడలాగా అల్లుకుంటాయి. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేసి జడ విప్పాలి. మధ్యలో ఒక్కరు ఆగిపోతే ముడి పడుతుంది, తాళ్లు కోసి దించాలి. జనం ముందు అంతకు మించిన అవమానం లేదు.

మధ్యాహ్నం అంగట్లో బేరాలు లేనప్పుడు రెండు అప్పడాల కర్రలు పట్టుకుని బిందెల మధ్య పాడుతూ ఎగిరేదాన్ని. బిందెలకు సొట్టలు పడతాయని మా ఆయన గొణిగేవాడు. మూడు నెలలకు తొమ్మిది కిలోలు తగ్గాను. డాక్టరు బిళ్లలు రాయలేదు. కానీ అడుగులన్నీ వచ్చేసినా గురువు మాత్రం నాకు తాడు ఇవ్వలేదు. అందరికీ నీళ్లు అందించడం, చీరలు మడతపెట్టడం నా పని. తనకల్లు తిరునాలకు పిలుపు వచ్చాక, బయల్దేరే ముందు రోజు తాడు పట్టేవాళ్లలో ఒకామెకు చీలమండ బెణికింది. వేరే దిక్కులేక ఎనిమిదో తాడు నాకిచ్చారు.

ముదిగుబ్బ దాటాక గురువు వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, మధ్యలో కూలబడతావా? ఇప్పుడే చెప్పు. తాళ్లు వదిలేసి ఏడు మందితో చెక్కభజన ఆడించి వచ్చేస్తా."

"కూలబడను గురువుగారూ" అన్నాను. గొంతు నాకే వినిపించలేదు.

పక్క సీటులో మూట పెట్టుకున్న రైతు ఇదంతా వింటున్నాడు. "ఎందుకమ్మా ఇంత తిప్పలు?" అని అడిగాడు. ఒళ్లు తగ్గడానికని సరళ చెప్పింది. ఆయన మమ్మల్ని అందరినీ ఎగాదిగా చూశాడు. "వానల్లేక మేము చిక్కిపోతాంటే, మీరు చిక్కేదానికి ఎగురుతాండారా!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ బయట ఎండిన చేలు చూస్తుంటే ఆ మాట గుచ్చుకుంది.

తొమ్మిదింటికి కదిరి. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, అదే బొరుగుల తాలింపు, బజ్జీతో దొరుకుతుంది. నేను బజ్జీ ముట్టకుండా ఉగ్గాని ఒక్కటే సగం తిన్నాను. మదనపల్లె బస్సెక్కి పదిన్నరకల్లా తనకల్లులో దిగాం. మాకు లాడ్జీ ఏదీ కనబడలేదు. ఊరివాళ్లు బడిలో ఒక గది ఇచ్చారు, చాపలూ నీళ్ల కుండా పెట్టించారు.

అసలు పరీక్ష ఒంటిగంటకు వచ్చింది. మాకు భోజనం పెట్టిన ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేశారు. పలచగా, వేడివేడిగా, పైన గరిటెడు నెయ్యి. మావాళ్లు తలా నాలుగైదు లాగించారు. సరళ ఆరు తింది, నేను లెక్కపెట్టాను, కడుపు మండి. నేను సగం సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ చాలన్నాను. ఆ ఇంటి అవ్వ మూతి ముడుచుకుంది.

"ఏమ్మా, మా ఇంటి నెయ్యి వాసనొస్తాందా?"

"లేదవ్వా, డాక్టరు తిడతాడు."

"డాక్టరు ఈడికి వచ్చినాడా?"

నాకు నోట్లో నీళ్లూరుతున్నాయి. అయినా సాయంత్రం తాడు గుర్తొచ్చి విస్తరి మడిచేశాను.

ఐదింటికి గుడి ముందు పందిట్లో ఆట మొదలైంది. గురువు ఒక చరణం పాడతాడు, మేం ఎనిమిది మందిమీ ఆడుతూ అదే తిరిగి పాడాలి. అల్లేటప్పుడు బాగానే సాగింది. జడ జానెడు జానెడు కిందికి దిగేకొద్దీ మేం దగ్గర దగ్గరగా వచ్చాం. చెమట కళ్లలోకి కారుతోంది. తర్వాత గురువు చెయ్యెత్తాడు, అందరం వెనక్కి తిరిగాం, డోలు రెట్టింపు వేగం అందుకుంది.

అక్కడ దొరికిపోయాం. ఓళిగలు పని మొదలుపెట్టాయి. ముందు ఒక గొంతు ఆగింది, తర్వాత మూడు. సరళ డొక్క పట్టుకుంది. గురువు పాడిన చరణానికి జవాబు ఇచ్చే గొంతు ఒక్కటే మిగిలింది, అది నాది. పాట ఆగితే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే ముడి. ఆ సంగతి తలుచుకోగానే నాకెక్కడి నుంచి వచ్చిందో ఊపిరి, ఊరంతా వినబడేట్టు ఎత్తుకున్నాను. సరళ లోపలికి పోవాల్సింది బయటికి అడుగు వేయబోయింది. ఎదురుగా వస్తున్న నేను పాట ఆపకుండానే కోలతో దారి చూపించాను. నా గొంతు పట్టుకుని ఆమె అడుగు సర్దుకుంది. తక్కినవాళ్లూ అట్లాగే. మెలిక తర్వాత మెలిక విడిపోయింది. ఆఖరి మెలిక ఊడి ఎనిమిది తాళ్లూ విడివిడిగా ఊగుతుంటే జనం ఈలలు వేశారు. నేను గెలిచాను. దాచుకోవడం ఎందుకు, గెలిచాననే అనుకున్నాను.

అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చేతిలో ఒక ఓళిగ పెట్టింది. "ఇప్పుడు తినల్ల." అది తిన్నాను. ఒక్కటే. అంత రుచి మళ్లీ ఎక్కడా చూడలేదు.

మర్నాడు ఏడింటికి తిరుగు బస్సు. పిక్కలు రాళ్లయ్యాయి, మెట్లెక్కడానికి కడ్డీ పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. గురువు రాత్రి నుంచీ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కదిరిలో బస్సు మారాక, తిరునాల చూసి వస్తున్న ఒకాయన ఆయన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, నిన్న అంత గట్టిగా పాడిన ఆయమ్మ కూడా మీ తాన ఆడేదేనా?"

గురువు కోలల సంచి సర్దుకుంటూ నా వైపు చెయ్యి చూపించాడు. "ఆయమ్మ ఆడేది కాదప్పా. మిగతా ఏడు మందిని ఆడించేది."

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. నలభై నాలుగేళ్లలో నా గురించి ఎవరైనా అంత మాట అనడం అదే మొదలు. అనంతపురం వచ్చేదాకా నా మొహం మీద నవ్వు ఆగలేదు.